రెండు వందల టోపీలు

సున్నం ముందురోజు రాత్రే నానేసింది.
పైన తేట మాత్రమే వంచుకోవాలి, మడ్డి కదలకూడదని
రొవీనాకి మూడోసారి చెప్పింది సియోక్ నియో.
తమలపాకు నమిలే రోజుల్లో ఆ సున్నం
ఆమె వేలికొసన ఎప్పుడూ తెల్లగా ఉండేదట.
ఇప్పుడు పళ్ళు లేవు, ఆకు లేదు.
సున్నం మాత్రం పిండిలోకి దిగి
ఇంకెవరి పళ్ళ కిందో కరకరలాడుతుంది.

మలక్కాలో, హీరెన్ వీధిలో
లోపలికి పోతూనే ఉండే పొడుగాటి ఇల్లు.
వంటగది చేరేసరికి సముద్రం వాసన వెనకబడి
నూనె వాసన ఎదురొస్తుంది.
రాత్రి ఏడింటికి విందు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు దుమాయ్ పడవకి టిక్కెట్లు చింపిన అల్లుడు
ఇవాళ్టితో చింపడం మానేస్తున్నాడు.
రెండు వందల పై టీలు కావాలి.
పై టీ అంటే గిన్నె,
బోర్లిస్తే టోపీ,
నోట్లో వేసుకుంటే ఒక్క చప్పుడు.

నాకు రొయ్యలు ఒలిచే పని ఇచ్చారు.
ఆ పనికి తెలివి అక్కర్లేదని ఎవరూ అనలేదు,
పీట మాత్రం మూలకి వేశారు.

రొవీనా కౌలాలంపూర్లో పళ్ళ డాక్టరు.
ఆ చెయ్యి రాయి. రెప్పపాటు కూడా బెసకదు.
గరిటెజారు పిండి, కాగిన నూనె, ఇత్తడి అచ్చు.
అచ్చు వేడెక్కనిచ్చి, పిండిలో అంచు దాకా ముంచి,
అంచు మునగనివ్వకుండా, మళ్ళీ నూనెలోకి.
పిండి పట్టుకుంది.
పట్టుకున్నది వదల్లేదు.
ఫోర్కుతో పొడిస్తే చిట్లింది.
రెండోదీ అంతే. తొమ్మిదోది మాడింది.
పిల్లి వచ్చి వాసన చూసి
పలకరించినట్టే పలకరించి వెళ్ళిపోయింది.

"మామా!"
వాళ్ళ ఇళ్ళల్లో మామా అంటే అమ్మమ్మ.
ఇన్నేళ్ళయినా ఆ పిలుపు వినగానే
నా కంటికి ముందు మీసాలే కనబడతాయి.

సియోక్ నియో చెయ్యి వణుకుతుంది.
మూడేళ్ళ కింద మొదలు.
ముందు పూసల చెప్పుల కుట్టుపని పోయింది,
తర్వాత టీ కప్పు, తర్వాత సంతకం.
బ్యాంకులో వేలిముద్ర వెయ్యమన్న రోజు
అన్నం ముట్టలేదు.
పొద్దున ఒక తెల్లబిళ్ళ, రాత్రి సగం.
వేసుకుంటే చెయ్యి కాసేపు మాట వింటుంది.

ఇవాళ పొద్దుటి బిళ్ళ
పంచదార డబ్బా వెనక చూశాను.
ఎవరికీ చెప్పలేదు.

లేచి, అచ్చు అందుకుంది.
అత్తగారి అచ్చు. కర్రపిడి మూడుసార్లు మార్చినా
ఇత్తడి అదే ఇత్తడి.
వేడిగా పిండిలోకి దించితే చుంయ్‌మంది.
మళ్ళీ నూనె. అక్కడ
ఆ చెయ్యి తన మానాన తను
సన్నగా, గడగడా, ఆగకుండా...
పిండి అంచు పైకి లేచింది, విచ్చుకుంది,
టోపీ అంచులా వెనక్కి వాలింది,
అచ్చు వదిలి ఈదుకుంటూ పోయింది.

"ఎలా ఊపుతున్నావు మామా?"
"ఊపట్లేదే. ఆపట్లేదంతే."

ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.
రొవీనా జల్లెడలో కాగితం మార్చింది,
నేను రొయ్యలు మార్చిపోయి ఒకదాన్నే రెండుసార్లు ఒలిచాను.
నూటా నలభై దగ్గర లెక్క తప్పి
మొదటికొచ్చాం.

నింపడం చివరి నిమిషంలో.
ముందే నింపితే చెమ్మ తగిలి కూలబడతాయి.
సన్నగా తరిగి వేయించిన దుంప, పైన రొయ్య,
చిటికెడు పీతమాంసం, కొత్తిమీర ఆకు ఒక్కటే,
మిరపకాయ పులుసు బొట్టు.
హాల్లోంచి చప్పుళ్ళు మొదలయ్యాయి,
ఒకటీ, నాలుగూ, ఒకేసారి పదీ.
అల్లుడు ఏదో మాట్లాడబోయి
నోరు నిండి ఉండి ఊరుకున్నాడు.

పళ్ళెంలో ఒక ఖాళీ టోపీ మిగిలింది.
సియోక్ నియో దాన్ని తీసి
చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో చిదిమింది.
విన్నది.
"ఊఁ" అంది.

పొడి ఒళ్ళోంచి దులుపుకుని
నా వైపు తిరిగింది:
"కాసిని మంచినీళ్ళు.
అలాగే ఆ పంచదార డబ్బా వెనకది."